దువ్వడం కొసల దగ్గర మొదలుపెట్టాలి

ఆడపిల్లకు "నీ జుట్టు బాగుంది బంగారం" అని రోజుకు పదిసార్లు చెప్పి, పొద్దున స్కూల్ ఆటో వచ్చి హారన్ కొడుతుంటే దువ్వెన తీసుకుని కుదుళ్ల దగ్గర్నుంచి బర్రున లాగితే, ఆ పిల్ల దేన్ని నమ్ముతుంది? మాటనా, దువ్వెననా? దువ్వెననే నమ్ముతుంది, నెత్తి మంట పుట్టాక ఇంకేం వినపడదు. నల్లజాతి పిల్లలకు తమ జుట్టు మీద ఇష్టం పెంచాలని, రింగుల జుట్టు పిల్లలను మెచ్చుకోవాలని బోలెడు వీడియోలు వస్తున్నాయి, మంచిదే. కానీ అందులో సగం మంది పిల్లను అద్దం ముందు నిలబెట్టి మంచి మాటలు అనిపించి వదిలేస్తారు. నా లెక్కలో అది తర్వాతి పని. ముందు మన చేతులు నేర్చుకోవాలి.

నాకు ఈ సంగతి ఎందుకు పట్టిందో చెప్తా. మాది హన్మకొండ, సుబేదారి వైపు. మా చిన్నదానిది మా అత్తగారి పోలిక, గట్టి రింగుల జుట్టు. స్కూల్లో "మ్యాగీ" అంటారు, "సాయిబాబా" అంటారు, అవి దానికి అలవాటైపోయాయి. దానికి తగిలే మాట ఇంకోటి ఉండేది, చుట్టాలే అనేవాళ్లు: "ఏందమ్మా గీ ఆఫ్రికా జుట్టు, ఎట్ల దువ్వుతవ్?" అనేవాళ్లకు అది తిట్టని కూడా తెలియదు. పెళ్లిళ్లలో, బోనాల్లో ఎవరో ఒకరు అనేవాళ్లు, అందరూ నవ్వేవాళ్లు, ఇది కూడా నవ్వేది, ఇంటికొచ్చి తల మీద చున్నీ కప్పుకుని కూర్చునేది.

అట్లాంటి ఇంటి పై పోర్షన్‌లోకి టాంజానియా నుంచి ఒక కుటుంబం కిరాయికి వచ్చింది. ఆయన ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్నాడు, భార్య, రెండో తరగతి చదివే పాప. వచ్చిన రోజే మా చిన్నది మెట్ల మీద నిలబడి ఆ పాప తలనే చూస్తోంది. తర్వాత వంటింట్లోకి వచ్చి మెల్లగా అడిగింది, "మమ్మీ, ఆఫ్రికా జుట్టంటే అదేనా? అది మంచిగనే ఉంది కదా?" నేనేం పెద్ద ఉపన్యాసం ఇవ్వలేదు, ఉంది అన్నాను, అంతే.

మా గల్లీ వాళ్ల సంగతి చెప్పాలి. చెడ్డవాళ్లు కాదు. ఆ పాప కోసం గారెలు పంపినవాళ్లు, జ్వరమొస్తే కషాయం కాచి తెచ్చినవాళ్లు వీళ్లే. కానీ పాప గేటు దాటితే చాలు, పలకరింపు కంటే ముందు చెయ్యి తల మీదికి పోయేది. నొక్కి చూసేవాళ్లు, "స్పాంజ్ లెక్క ఉంది చూడరాదు" అని పక్కామెను కూడా పిలిచేవాళ్లు, కాలేజీ పోరలైతే ఫోన్ తీసి సెల్ఫీలు. ఆ పిల్ల తల్లి వెనక దాక్కునేది, తర్వాత్తర్వాత బయటికే రావడం తగ్గించింది. నేను ఒకరిద్దరికి మొహం మీదే చెప్పాను, తాకాలంటే అడగండి, వద్దంటే ఊరుకోండి అని. "చిన్నపిల్లనే కదమ్మా" అన్నారు. చిన్నపిల్ల అయితే ఏంది, బస్టాండ్‌లో ఎవరో ముక్కూమొహం తెలియనామె వచ్చి మన జడ పట్టుకుని బరువు చూస్తే ఊరుకుంటామా? ఒకామె నాతో నెల రోజులు మాట్లాడలేదు. పర్లేదు. అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉండే నల్లజాతి ఆడవాళ్లు కూడా ఆఫీసుల్లో, స్కూళ్లలో ఇదే మొత్తుకుంటారు, అడగకుండా జుట్టు ముట్టుకుంటారని. పిల్లకు తన జుట్టంటే ఇష్టం కలగాలంటే అది ముందు తనదే అని దానికి అనిపించాలి కదా.

ఇక అసలు విషయం. ఆదివారం వాళ్లింట్లో తలస్నానం రోజు. మనకైతే తలంటు పది నిమిషాలు, ఆరబెట్టుకోవడం అరగంట. వాళ్లకు అది సగం రోజు పని. డాబా మీద నీడ ఉన్న వైపు ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది, పాప ముందు చిన్న పీట మీద, చేతిలో ఉడకబెట్టిన పల్లీల గిన్నె, ఎదురుగా ఫోన్‌లో కార్టూన్. ముందే జుట్టును నాలుగు పాయలు చేసి మూడింటికి క్లిప్పులు పెట్టేస్తుంది. నాలుగో పాయకు, మనం మొక్కలకు నీళ్లు కొట్టే బాటిల్ ఉంటుంది కదా, దాంతో నీళ్లు కొడుతుంది. తర్వాత కండిషనర్, మనం వేసుకున్నట్టు రూపాయి బిళ్లంత కాదు, అరచేతి నిండా. ముందు వేళ్లతోనే చిక్కులు విడదీస్తుంది. ఆ తర్వాతే దువ్వెన, పళ్లు బాగా దూరంగా ఉండేది. ఎడమ చేత్తో పాయను మధ్యలో గట్టిగా పట్టుకుంటుంది, లాగినా ఆ లాగుడు కుదురు దాకా పోదు. కుడి చేత్తో కొసన ఒక అంగుళం దువ్వుతుంది, అది సాఫీ అయితే ఇంకో అంగుళం పైకి, తర్వాత ఇంకో అంగుళం. నేను చూస్తూ ఉండగా ఒకసారి చిటుక్కున చప్పుడైంది. ఆమె వెంటనే ఆగి వేళ్లతో ఆ ముడి వెతికింది. "ఈ చప్పుడు వినబడితే ఆగాలక్కా, ఎంట్రుక తెగింది అన్నట్టు" అంది. (గల్లీ అంతా నన్ను అక్కా అంటే ఆమెకూ అదే అలవాటైంది, మిగతాదంతా ఇంగ్లీషే.) విడదీసిన పాయను రెండుగా చీల్చి ఒకదాని మీద ఒకటి మెలిపెట్టి వదిలేస్తుంది, మళ్లీ చిక్కు పడకుండా. అట్లా తలంతా. ఇంతసేపట్లో ఆ పిల్ల ఒక్కసారి కూడా "అబ్బా" అనలేదు, పల్లీలు అయిపోయాయని మాత్రం గోల చేసింది.

మా ఇంట్లో పొద్దున పొద్దున ఏడుపు వినని రోజు ఉండేది కాదు. అది ఏడుస్తుంటే మా అత్తమ్మ "ఓర్సుకో బిడ్డా, ఆడపిల్లకు జడంటే అంతనే" అనేది. ఓర్చుకోనక్కర్లేదని ఆ డాబా మీద చూశాక మా చిన్నది తన పీట తెచ్చుకుని పక్కన వేసుకుంది.

ఆ జుట్టు అట్లా ఎందుకుంటుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. వెంట్రుక మొలిచే కుదురు చర్మం లోపల నిటారుగా ఉంటే వెంట్రుక నిటారుగా వస్తుంది, కుదురు వంగి ఉంటే వెంట్రుక చుట్టలు తిరుగుతూ వస్తుంది, అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా కాకుండా కొంచెం చదునుగా ఉంటుంది. తల చర్మంలో ఊరే సహజమైన నూనె నిటారు వెంట్రుక మీద జారి కొస దాకా పోతుంది, చుట్టల వెంట్రుక మీద అంత దూరం పోలేదు. అందుకే అది పొడిగా ఉంటుంది, ప్రతి మలుపు దగ్గరా తెగే అవకాశం ఎక్కువ, అందుకే రోజూ తలంటకూడదు, పొడిగా ఉన్నప్పుడు దువ్వకూడదు. "వాళ్ల జుట్టు పెరగదట కదా" అని మా ఆడపడుచు అడిగితే పైనింటామె నవ్వి పాప తలలో ఒక చుట్ట పట్టుకుని మెల్లగా కిందికి సాగదీసింది. చెవి పైన కనబడేది భుజం దాటి వచ్చింది, వదిలేస్తే మళ్లీ పైకి పోయింది. పెరుగుతూనే ఉంటుంది, చుట్టల్లో దాక్కుంటుంది, కొసలు తెగకుండా కాపాడుకుంటే పొడుగు తెలుస్తుంది.

ఇక్కడే మన గుండు నమ్మకం కూడా తేల్చేద్దాం. మా దానికి వేములవాడ రాజన్న దగ్గర పుట్టెంటికలు తీయించాం, అది మొక్కు, దాని సంగతి వేరే. కానీ ఆ తర్వాత "ఇంకోపాలి గుండు కొట్టియ్యి, ఈసారి సాఫ్‌గ వస్తది" అన్నవాళ్లు ఎంతమందో. గుండు కొట్టేది చర్మం పైన ఉన్నదాన్ని, కుదురు చర్మం లోపల ఉంటుంది, కత్తికి అందదు. ఎన్నిసార్లు గీసినా అదే కుదురు, అదే రింగు. పసిపిల్లల జుట్టు పెరుగుతుంటే కొందరిలో దానంతట అదే మారుతుంది, దాన్ని గుండు ఖాతాలో వేసేస్తాం.

ఆమె చిన్నప్పటి సంగతి విన్నాక నాకు ఇంకో ఆశ్చర్యం. ఆఫ్రికాలో పుట్టి పెరిగినవాళ్లకు ఇవన్నీ తల్లి కడుపులోంచే వస్తాయనుకున్నా. కానీ టాంజానియా, ఉగాండా, ఘనా లాంటి దేశాల్లో చాలా స్కూళ్లలో ఆడపిల్లలు జుట్టు పొట్టిగా కత్తిరించుకునే రావాలి, ఆమె కూడా చదువయ్యేదాకా అట్లనే ఉందట. తన జుట్టు తనకు పరిచయమైందే పెద్దయ్యాక, వీడియోలు చూసి నేర్చుకుందట, అందుకే బిడ్డ విషయంలో అంత పట్టుదల.

జుట్టు మీద పెత్తనం ఈనాటిది కాదు. 1786లో అమెరికాలోని లూసియానాలో, అప్పుడది స్పెయిన్ చేతిలో ఉండేది, నల్లజాతి స్త్రీలు జుట్టు కనబడకుండా తలకు గుడ్డ కట్టుకోవాలని గవర్నర్ ఆజ్ఞ జారీ చేశాడు. వాళ్లేమో రంగురంగుల ఖరీదైన గుడ్డలు తెచ్చి ఇంకా సోకుగా కట్టుకున్నారు, అది నాకు భలే నచ్చింది. 2016లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో, ఒకప్పుడు తెల్లవాళ్లకే పరిమితమైన ఒక బాలికల హైస్కూల్‌లో పిల్లలు తమ సహజమైన జుట్టును తప్పుపట్టే నియమాల మీద నిరసన చేశారు, ముందు నిలబడ్డ జులైఖా పటేల్‌కు అప్పుడు 13 ఏళ్లు. 2019లో కాలిఫోర్నియా క్రౌన్ యాక్ట్ తెచ్చింది, సహజమైన జుట్టును, సన్న జడల అల్లికలను బట్టి స్కూల్లో, ఉద్యోగంలో వివక్ష చూపకూడదని చట్టం చేసిన మొదటి రాష్ట్రం అదే. తర్వాత చాలా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. దేశమంతటికీ వర్తించే బిల్లు 2022లో అమెరికా దిగువ సభలో నెగ్గింది కానీ సెనేట్‌లో ఆగిపోయింది.

మన దగ్గర? పాప చదివే స్కూల్లో రూల్ ఏందంటే రెండు జడలు, మడిచి కట్టాలి, నల్ల రిబ్బన్లు. ఆ జుట్టు మడిచి కట్టేంత కిందికి వేలాడదని ముందే చెప్పాను కదా. తల్లి తలకు అంటుకునేలా సన్న జడలు అల్లి పంపింది, వరసలు గీత గీసినట్టు, ఒక్క వెంట్రుక బయటికి లేదు. "ఫ్యాషన్ జడలు వద్దు" అని డైరీలో రాసి పంపారు. విరబోస్తే "నీట్‌గా లేదు" అంటారు, అల్లితే ఫ్యాషన్ అంటారు! ఆమెకు తెలుగు రాదు, సార్లతో ఎట్లా మాట్లాడాలో తెలియక కంగారు పడుతుంటే నేను తోడు పోయాను. కొట్లాటేం కాలేదు. మీ రూల్ ఎందుకు, పేలు పడకుండా, జుట్టు కళ్ల మీద పడకుండానే కదా, ఈ అల్లికలో ఆ రెండూ తీరుతున్నాయి కదా, వారం పది రోజులు విప్పకుండా ఉంటుంది, రోజూ దువ్వితే పిల్ల జుట్టు తెగిపోతుంది అని చెప్పాను. మేడమ్ కాసేపు ఆలోచించి ఒప్పుకుంది, కానీ రిబ్బన్ మాత్రం ఉండాలంది. కాబట్టి ఇప్పుడు ఆ పాప అన్ని జడలనూ వెనక ఒక్కచోట కూర్చి పెద్ద నల్ల రిబ్బన్ పువ్వు కట్టుకుని పోతుంది. నాకైతే రూల్ కోసం కట్టిన ఆ రిబ్బన్నే ఫ్యాషన్‌గా కనబడుతుంది.

జడలు మరీ బిగించకూడదన్నది కూడా ఆమె దగ్గరే విన్నాను, తర్వాత మా స్కిన్ డాక్టర్ కూడా అదే చెప్పింది. నుదురు అంచున, చెవుల పక్కన చిన్న చిన్న పొక్కులు వచ్చినా, పిల్ల తలనొప్పి అన్నా జడ విప్పేయాలి. ఏళ్ల తరబడి లాగి కడితే ఆ అంచుల్లో కుదుళ్లు చచ్చిపోతాయి, ట్రాక్షన్ అలోపీసియా అంటారు. ఇది మన రెండు జడలకూ వర్తిస్తుంది. నా వయసు వాళ్లు ఒకసారి అద్దంలో కణతలు చూసుకోండి.

ఆముదం సంగతి మర్చిపోయేదాన్ని. మా అత్తమ్మ ఊరి నుంచి వంటాముదం తెస్తుంది, ఆముదాలు వేయించి దంచి నీళ్లలో ఉడకబెట్టి పైకి తేలింది తీస్తారే, ఆ చిక్కటి నల్లది. దాని వాసనకు మా ఇంట్లో పిల్లలు ఆమడ దూరం పారిపోతారు. పైనింటామె సీసా మూత తీసి వాసన చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది. జమైకా నల్ల ఆముదం అని చిన్న సీసాల్లో చాలా ధర పెట్టి అమ్ముతారట, గింజ వేయించి తీసేదే, నల్లజాతి ఆడవాళ్లు జుట్టుకు ప్రాణంలా వాడతారు. మా అత్తమ్మకు ఆ ధర రూపాయల్లో లెక్కగట్టి చెబితే కాసేపు మాట రాలేదు. ఇప్పుడు ఊరికి పోతే రెండు సీసాలు తెస్తుంది, ఒకటి పైకి పోతుంది. ఆమె వాడే తీరు వేరు: తలకు పట్టించి చిప్పిల్లేలా కాదు, తడి జుట్టు కొసలకు రెండు చుక్కలు, లోపలి తడి ఆరిపోకుండా.

ఇంకో సంగతి ఆమె చెబుతుంటే నాకు నోట మాట రాలేదు. వాళ్ల ఊళ్లో దుకాణాల్లో అన్నిటికంటే ఖరీదైన విగ్గు మీద "ఇండియన్ హెయిర్" అని ఉంటుందట. మనం తిరుమలలో ఇచ్చే తలనీలాలను టీటీడీ ఈ-వేలంలో అమ్ముతుంది, పొడుగు జుట్టు విగ్గులై, సవరాలై విదేశాలకు పోతుంది, కొనేవాళ్లలో నల్లజాతి ఆడవాళ్లు చాలామంది ఉంటారు. విగ్గు పెట్టుకోవడం తప్పు కాదు, పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకోవచ్చు. కానీ సాఫీ జుట్టే జుట్టని ఇక్కడ మా రింగుల పిల్లను ఏడిపిస్తూ, అదే సాఫీ జుట్టును అక్కడి పిల్లలకు అమ్ముతున్నాం.

హన్మకొండ చౌరస్తా నుంచి నయీంనగర్ దాకా పోతే ప్రతి పార్లర్ ముందూ జుట్టు సాఫీ చేస్తామని స్మూతనింగ్, కెరటిన్ బోర్డులే. మా చుట్టాల్లో ఒక పెళ్లి ఉంది, "చిన్నదానికి కూడా ఒక్కసారి చేయించు, ఫొటోల్లో మంచిగ పడతది" అని పోరుతున్నారు. నేను చేయించను. వాటిలో కొన్ని రకాల్లో ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం ఉంటుంది, లేదా వేడి పెడితే విడుదలవుతుంది, అది క్యాన్సర్ కారకం, ఆ పొగ పార్లర్ పిల్లలు రోజంతా పీలుస్తారు. అమెరికాలో 33 వేల మందికి పైగా స్త్రీలను దాదాపు 11 ఏళ్లు గమనించిన అధ్యయనం 2022లో వచ్చింది. జుట్టు సాఫీ చేసే రసాయనాలు వాడనివాళ్లలో 70 ఏళ్ల లోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం, ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడినవాళ్లలో 4.05 శాతం అని లెక్కగట్టారు. రసాయనాల వల్లే వచ్చిందని అది తేల్చలేదు, సంబంధం కనబడిందని చెప్పింది. పెద్దవాళ్లు తెలిసి చేయించుకుంటే వాళ్లిష్టం, ఐదో తరగతి పిల్లకు ఫొటోల కోసమా?

బతుకమ్మ అప్పుడు మాత్రం నవ్వుకున్నాం. ఎంగిలిపూల రోజు వేయి స్తంభాల గుడి దగ్గరికి అందరం పోయాం. మల్లెపూలు పెట్టాలంటే జడ, పిన్నులు, సగం దారిలో జారిపోవడం, ఇదంతా మనకుండేదే. ఆ రోజు పాప జుట్టు విప్పి పైకి దువ్వి గుండ్రంగా కట్టుకుంది. మా చిన్నది గునుగు పువ్వు కాడ తుంచి దాంట్లో గుచ్చితే అట్లనే నిలబడింది. ఇంకోటి, ఇంకోటి. తర్వాత తన రింగుల్లో కూడా గుచ్చుకుంది, ఆటయ్యేదాకా ఒక్కటీ రాలలేదు. సాఫీ జుట్టు పిల్లలు వచ్చి మాకూ పెట్టమంటే వీళ్లిద్దరూ ప్రయత్నించారు పాపం, నిలబడలేదు.

మా చిన్నది రింగుల జుట్టును ప్రేమిస్తోందా అంటే, రోజూ కాదు. మొన్న కూడా తడి ఆరక చిరాకు పడి కత్తిరించేయమంది. కానీ పొద్దున ఏడుపు లేదు, "ఆఫ్రికా జుట్టు" అని ఎవరైనా అంటే "అవును, మా ఫ్రెండుది కూడా" అంటుంది, అన్నవాళ్లకు తర్వాత ఏం అనాలో తెలియడం లేదు.

రింగులు చెదరకుండా జుట్టుకు పట్టించే అవిసె గింజల జెల్ ఎట్లా చేయాలో రాసి ఆపేస్తా. రెండు గ్లాసుల నీళ్లకు రెండు మూడు చెంచాల అవిసె గింజలు, సన్న మంట మీద కలుపుతూ ఉండాలి, లేకపోతే అడుగంటుతుంది. కోడిగుడ్డు తెల్లసొనలా సాగగానే దించి, వేడి మీదే పాత పలచని చున్నీలో వడగట్టాలి, చల్లారితే గింజలను వదలదు. తలస్నానం తర్వాత, తడి జుట్టుకే, పాయలు తీసి కొంచెం కొంచెం పట్టించి వేళ్లతో నలిపి వదిలేయాలి, ఆరేదాకా ముట్టుకోవద్దు, టవల్‌తో రుద్దొద్దు, పాత కాటన్ టీషర్ట్‌తో అద్దండి. రాత్రి దిండుకు పాత పట్టుచీర ముక్క చుట్టండి, నూలు గలేబు తడిని పీల్చేస్తుంది. జెల్‌ను ఫ్రిజ్‌లో వారం కంటే ఎక్కువ ఉంచొద్దు, వాసనొస్తుంది.